దొర చెరువు మత్తడి

చెరువుల పునరుజ్జీవన మండలి అని ఒకటుండేది. ఎండిపోయిన చెరువులకు ప్రాణం పోయడం దాని పని. మా జిల్లా శాఖకు ఊరి నడుమ ఒక పాత బంగళా ఇచ్చారు. ఆ ఆఫీసులో చెరువులన్నీ పటాల రూపంలో గోడలకు వేలాడేవి. నిజమైన నీళ్లంటూ ఉన్నది ఒక్కచోటే, హాలు మధ్యలో ఇనుప స్టాండు మీద కూర్చోబెట్టిన ఎనిమిదడుగుల చేపల తొట్టిలో. ప్రారంభోత్సవం నాడు నీటికి గుర్తుగా ఏదో ఒకటి ఉండాలని ఎవరో కొనిపెట్టారు.

మొదట్లో అందులో రంగురంగుల చేపలు చాలానే ఉండేవి. వాటిలో ఒకటి మిగతావాటన్నిటినీ తినేసి తన పరిపాలన స్థిరపరచుకుంది. నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలు, ముందుకు పొడుచుకొచ్చిన కింది పెదవి, ఎవరొచ్చినా "ఏం పని మీద వచ్చినవ్?" అని అడుగుతున్నట్టు ఒక చూపు. ఆస్కార్ జాతి చేప అని అమ్మినవాడు చెప్పాడు గానీ ఆ పేరు ఎవరి నోటా నిలవలేదు. ఆఫీసంతా దాన్ని దొర అనేవాళ్లు.

దొరకు మేత వేసేది సూపరింటెండెంటు సుగుణ. మండలి చట్టంలోని సెక్షన్లన్నీ ఆమె రాసిన చిత్తుప్రతుల్లోంచి పుట్టినవే. అవి రాసిందెవరో ఎవరికీ గుర్తులేదు, ఆమెకు తప్ప. పొద్దున ఆమె చెప్పుల చప్పుడు గుమ్మంలో వినపడగానే దొర గాజు దగ్గరికొచ్చి, తోక ఊపుతూ, ఆమె వేలు ఎటు కదిలితే అటు తిరిగేది. ఆమె సెలవు పెడితే మేత ముట్టేది కాదు. అంత పెద్ద ఆఫీసులో తను వచ్చినందుకు సంతోషపడే ప్రాణి అదొక్కటేనని సుగుణకు బాగా తెలుసు. ఆ మాటకొస్తే, ఆమె ఆఫీసుకు వేళకు రావడానికి కారణం కూడా అదే.

అలాంటి దొర ఒకరోజు నీళ్ల మీదికొచ్చి నోరు తెరిచి గుటకలేయడం మొదలుపెట్టింది. సుగుణ పరుగున తన బల్ల దగ్గరికెళ్లింది. అక్వేరియం షాపు ఖలీల్ భాయ్‌కి ఫోన్ చేసింది. ఆయన వచ్చి, నీళ్ల మీద వేలు రాసి, వేలు వాసన చూసి తలూపాడు.

"మేడం, మీద జిడ్డు తెట్టె కట్టింది. మీ ఆఫీసోళ్లు బల్లల కాడ మిర్చి బజ్జీలు తిని ఈ అంచు మీదనే చేతులు దులుపుతున్నరు. గాలి నీళ్లల్లకు దిగుతలేదు. కింది నీళ్లు ఎంత మార్చినా ఫాయిదా లేదు, మీది నీళ్లే పోవాలె."

"ఎట్ల పోతయి ఖలీల్ భాయ్?"

"బయట ఒక పొర్లు డబ్బా తగిలిస్త. నీళ్లు మట్టం దాటంగనే గొట్టంల నుంచి బయటి డబ్బాలకు పొర్లుతయి. ఆడికెల్లి కింది తొట్టికి దిగుతయి. అండ్ల జాలీ, దూది ఉంటయి. సాఫ్ అయినంక మోటరు మల్ల పైకి కొడ్తది. మీ ఇంటి మీది ట్యాంకుకు పైపు ఉంటది సూడుండ్రి, నిండినంక నీళ్లు బయట పడే పైపు? గంతే కత."

"గాజుకు బొక్క కొట్టాల్నా?"

"కొడితె పక్కాగ ఉంటది. కొట్టకుంట బయట తగిలించేది గూడ ఉన్నది. వద్దనుకున్ననాడు సంచి లెక్క ఎత్తి తీసెయ్యొచ్చు."

దొర లోపలుండగా గాజుకు బెజ్జం కొట్టడమా! సుగుణ తగిలించేదే చాలంది. అంతటితో ఊరుకుని, సొంత ఖర్చుతో ఆ డబ్బా తగిలించేసి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ ఎన్నో ఏళ్లుగా ఫైలు నడపకుండా గుండుసూది కూడా కదిలించని మనిషి ఆమె. అనుమతి కోరుతూ ఒక నోటు పెట్టింది. ఖలీల్ చెప్పిన మాటలు రాస్తే ఆఫీసు భాషలా ఉండదని, అలవాటు ప్రకారం ఇలా రాసింది: "హాలునందలి తొట్టి యొక్క పూర్తి నీటి మట్టము దాటిన మిగులు జలములు బయటికి పొర్లిపోవుటకు తగు ఏర్పాటు చేయుట గురించి."

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ఆ నోటు కమిషనర్ మార్తాండరావు గారి బల్ల మీదికి చేరేసరికి ఆయన దిగులుగా ఉన్నారు. సంవత్సరాంతానికి ప్రతి జిల్లా కొన్ని చెరువులకు ప్రాణం పోసి చూపించాలని పైనుంచి ఆజ్ఞ. మా జిల్లా ఒక్కదానికీ పోయలేదు. పోయకపోగా ఉన్నవాటిలో రెండు చెయ్యి జారిపోయాయి. ఒకదాంట్లో ఇప్పుడు ఫంక్షన్ హాలుంది. దాని ప్రారంభానికి రిబ్బను కత్తిరించింది కూడా మార్తాండరావు గారే.

న్యాయ సలహాదారు పురుషోత్తం ఆ నోటు చదివి, మళ్లీ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

"సార్, మన చట్టం ప్రకారం చెరువు అనగా, నీరు నిలువ ఉండునదై, పూర్తి మట్టము కలదై, మిగులు జలములు పొర్లుటకు మత్తడి ఉన్నదై ఉన్న ఏ నిర్మాణమైనను. పరిమాణముతో నిమిత్తము లేకుండా."

ఈ "పరిమాణముతో నిమిత్తము లేకుండా" అన్న ముక్క చేర్చడానికి కారణముంది. ఒక ప్లాట్ల వ్యాపారి చెరువును నాలుగు వైపులా పూడ్చుకుంటూ వచ్చి, మిగిలింది బావంత కూడా లేదు కాబట్టి అది చెరువే కాదని వాదించి గెలిచాడు. ఇంకెవడూ అలా గెలవకూడదని సుగుణే ఆ ముక్క రాసింది.

మార్తాండరావు గారు కుర్చీలోంచి లేచారు.

"అంటే పురుషోత్తం గారూ, ఈ ఏర్పాటు జరిగిన ఉత్తర క్షణం..."

"మనకు ఒక చెరువు వస్తుంది సార్. నిండుగా. మత్తడి దూకుతూ."

"చెరువును ఇంట్లో పెట్టుకుని జిల్లా అంతా జీపులేసుకుని తిరిగామయ్యా!"

సుగుణను పిలిపించి ఆమె దూరదృష్టిని మెచ్చుకున్నారు. ఆమె బిత్తరపోయింది.

"సార్, అది చేపల తొట్టి. అండ్ల ఒక్కటే చేప ఉన్నది."

"సముద్రంలో మాత్రం ప్రతి చోటా చేపలుంటాయా అమ్మా? చిన్నదీ పెద్దదీ అనే భేదం సామాన్యుల దృష్టి. చట్టం దృష్టి సమదృష్టి."

ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టేయమన్నట్టు, అక్కడికక్కడే ఉత్తర్వులు తయారయ్యాయి.

డబ్బా వచ్చింది. ఖలీల్ తగిలించి మోటరు వేశాడు. మీది తెట్టె సన్నగా కదిలి, గొట్టంలోకి జారి, బయటి డబ్బాలో గలగలమంటూ పడింది. రెండో రోజుకల్లా దొర మళ్లీ నీళ్ల నడుమ ఠీవిగా తిరుగుతూ, వచ్చేపోయేవాళ్లను నిలదీస్తున్నట్టు చూడసాగింది. సుగుణకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆఫీసులో ఎవరి పిచ్చి ఏదైతేనేం, తన దొర బతికింది. ఆ సంబరంలో మిగతావేవీ ఆమె పట్టించుకోలేదు.

మిగతావి మాత్రం ఆగలేదు. తొట్టి పక్కన నీలం బోర్డు వెలిసింది. పేరు: దొర చెరువు. ఆయకట్టు: ఒక మనీప్లాంటు. కింది తొట్టిలో వేళ్లు ముంచి పెట్టిన ఆ తీగ కిటికీ దాకా పాకింది కాబట్టి చివరి ఆకు వరకు నీరందుతోందని తనిఖీ నివేదిక కూడా వచ్చింది. చెరువన్నాక నీళ్లు వదిలి కాపలా కాసే నీరటి ఉండాలి గదా అని అటెండరు కొంరయ్యను నీరటిగా వేశారు. కొంరయ్య తాత నిజంగానే ఊరి చెరువుకు నీరటి. అందుకని కొంరయ్య ఈ పనిని వేళాకోళంగా తీసుకోలేదు. మెడలో ఈల, చేతిలో కర్ర. మోటరు కాస్త జోరుగా తిరిగితే చాలు, ఈల ఊది కేకలేసేవాడు.

"దిగువోళ్లు పైలం! మత్తడి జోరు మీదున్నది! సామాన్లు పైకి పెట్టుకోండ్రి!"

దిగువన అంటే స్టాండు పక్కన చెప్పులు విడిచి కూర్చునే తపాలా గుమాస్తా. పాపం, రోజుకు నాలుగుసార్లు చెప్పులు చంకలో పెట్టుకుని గట్టెక్కేవాడు.

పేపర్లో పడింది: "నడి వేసవిలో మత్తడి దూకిన దొర చెరువు". ఫొటో వెయ్యలేదు. జిల్లాలో బావులు అడుగంటి, బోర్లు గాలి ఊదుతున్న రోజులవి. ఆ వార్త చదివి చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం ట్రాక్టర్లు కట్టుకుని వచ్చారు. డప్పులు, పసుపు కుంకుమలు, ఒక మేకపోతు. మత్తడి దూకితే గంగమ్మకు మొక్కు చెల్లించడం ఆనవాయితీ కదా. వాళ్లను మార్తాండరావు గారు స్వయంగా ఎదురెళ్లి లోపలికి పిలుచుకొచ్చి, చెరువు చూపించారు.

వచ్చినవాళ్లు బోర్డునూ తొట్టినీ మార్చి మార్చి చూశారు. మేకపోతు మాత్రం ఆయకట్టులో సగం తినేసింది.

చివరికి ఒక ముసలమ్మ ముందుకొచ్చి, వంగి, డబ్బాలోకి పడుతున్న నీళ్లను చూసింది. "పొర్లుతున్నదా?" అంది.

"పొర్లుతున్నదమ్మా," అన్నాడు కొంరయ్య.

"ఎంత పొర్లిందని చూస్తమా బిడ్డా, పొర్లిందా లేదా గదా! నా కండ్లతోని మత్తడి చూసి ఎన్నేండ్లాయె!" అని ముసలమ్మ పసుపు తీసి నీళ్లల్లో వేయబోయింది. సుగుణ ఒక్క ఉదుటున దూకి తొట్టికి అడ్డంగా చెయ్యి పెట్టింది. పసుపంతా ఆమె చెయ్యి మీద పడింది. "బోర్డుకు బొట్టు పెట్టు పెద్దమ్మా, గంగమ్మ ఆడనే ఉంటది," అంది. బోర్డుకు బొట్టు పెట్టారు. డప్పు మోగింది. లెక్కల సెక్షనంతా లేచి చిందేసింది. జలహారతి పడుతూ మార్తాండరావు గారు కళ్లు తుడుచుకున్నారు. దొర ఆ హారతిని తనకే ఇస్తున్నారనుకుని పెదవి ఇంకాస్త ముందుకు చాపింది.

ఇంతవరకూ బాగానే ఉంది. వేడుకలో మునిగితేలిన సుగుణకు గుర్తురాని సెక్షను ఒకటుంది. అదీ ఆమె రాసిందే. ప్రతి చెరువులోని చేపల మీద వేట హక్కును ఏటేటా వేలం వేయవలెను.

వేలంలో దొర చెరువును పాడుకున్నది నర్సింగం. చెరువులు పట్టడంలో చేయి తిరిగిన గుత్తేదారు. "పన్నెండు నెలలూ నిండుగా ఉండును" అన్న వివరం చూసి, పోటీపడి మరీ పాడాడు. తెప్ప, వలలు, మనుషులతో లారీలో దిగి, "చెరువు ఏడున్నది?" అని కొంరయ్యను అడిగాడు. కొంరయ్య కర్రతో చూపించాడు. నర్సింగం నవ్వాడు. ఎవరూ నవ్వకపోవడం చూసి ఆపేశాడు. ఆనక కోపం నషాళానికెక్కింది.

"ఏంది సారు ఇది? నన్ను పిచ్చోన్ని చేస్తున్నరా?"

"చూడు నర్సింగం," అన్నారు మార్తాండరావు గారు, "నీకు మండలి ఇచ్చింది వేట హక్కు. చేపలెన్ని అన్నది ప్రకృతికి సంబంధించిన విషయం. అందులో మండలి జోక్యం చేసుకోదు."

నర్సింగం వంగి దొరను చూశాడు. దొర నర్సింగాన్ని చూసింది, ఏం పని మీద వచ్చినవ్ అన్నట్టు. అదే కొంప ముంచింది.

"గింత పొగరా నీకు!" అన్నాడు నర్సింగం. "సరే. నేను పట్టిన చెరువు కాడికెల్లి ఒట్టి చేతులతోని పోయిన దాఖలా లేదు. ఆదివారం వేట మొదలైతది గదా, ఆదివారమే వస్త. పులుసుకన్న అయితది."

సుగుణ గేటు దాకా వెంటబడింది. "అన్నా, నీ పైసలు నేనిస్త, దాన్నిడిసిపెట్టు."

"పైసల ముచ్చట గాదు చెల్లె. నర్సింగం దొర చెరువు పట్టి ఉత్త చేతులతోని వచ్చిండని రేపు ఎవడన్న అంటె నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఆమె కమిషనర్ గదిలోకి పరుగెత్తింది. "సార్, దొర మన ఆఫీసుది సార్!"

"తొట్టిగా ఉన్నప్పుడు మన సామాను సుగుణగారూ. చెరువైన నాటి నుంచి అది ప్రజల ఆస్తి."

పోనీ ఆ డబ్బా ఎత్తి పారేద్దామంటే, మత్తడిని తొలగించినవారికి కఠిన కారాగార శిక్ష. అదీ ఆమె రాసిందే. పైగా కొంరయ్య ఈల నోట్లో పెట్టుకుని కాపలా. సుగుణకు అన్నం సయించలేదు. ఇంట్లో చేపల పులుసు అన్న మాట ఎవరైనా ఎత్తితే లేచి వరండాలోకి వెళ్లిపోయేది. తను రాసిన వాక్యాలే తన చేపను వల వేసి పడుతుంటే ఎవరిని తిట్టాలి?

అప్పుడు ఆమెకు ఒక ఉపాయం తట్టింది. చెరువు పూర్తి మట్టం నుంచి ముప్పై అడుగుల లోపు బఫర్ జోన్. అందులో ఏ కట్టడమూ ఉండకూడదు. ఉంటే అది ఆక్రమణ. ఆక్రమణ తొలగేదాకా ఆ చెరువులో వేట బంద్. తొట్టి హాలు నడుమ ఉంది. టేపు పట్టి కొలిస్తే హాలు గోడలు, లెక్కల సెక్షను, కమిషనర్ గారి గది, ఆయన బాత్రూము, అన్నీ ముప్పై అడుగుల లోపే. మండలి పుట్టిన్నాటి నుంచి మొదలైన ఆక్రమణ కేసుల్లో ఒక్కటంటే ఒక్కటీ తేలింది లేదు. ఆక్రమించినవాడు కోర్టుకెళ్లి స్టే తెచ్చుకుంటాడు, వాడి మనవలు కూడా ఆ స్టే మీదే బతుకుతారు. ఆ నీడలో దొర నిండు నూరేళ్లూ బతికేస్తుంది! సుగుణ గబగబా నివేదిక రాసి పెట్టింది. రాస్తున్నంతసేపూ నవ్వాగలేదు.

మార్తాండరావు గారు నివేదిక చదివి బల్ల మీద పెట్టారు. పురుషోత్తం మెల్లగా అన్నాడు, "స్టే తెచ్చుకుందామా సార్?"

"ఎవరు తెచ్చుకోవాలి?"

"ఆక్రమణదారు సార్."

"ఆక్రమణదారు ఎవరు?"

"తమరే సార్."

మార్తాండరావు గారి ముఖం వెలిగిపోయింది. "నేను స్టే తెచ్చుకోను పురుషోత్తం గారూ! ఇన్నేళ్లుగా నేను వెతుకుతున్న మనిషి దొరికాడు. స్టే తెచ్చుకోని ఆక్రమణదారు! వీణ్ణి వదులుతానా?"

ఆయన తన పేర తనకే నోటీసిచ్చుకున్నారు. సంతకం పెట్టి తీసుకున్నారు. సంజాయిషీ చెప్పుకోవడానికి కుర్చీకి ఎదురుగా వచ్చి నిలబడ్డారు, అయిదు నిమిషాలు ప్రాధేయపడ్డారు. మళ్లీ వెనక్కెళ్లి కుర్చీలో కూర్చుని, "విన్నాను. సంతృప్తికరంగా లేదు. కూల్చివేయండి," అన్నారు. స్టే లేకపోతే వేట ఆగదని సుగుణ నివేదికను వెనక్కి లాక్కోబోయింది, అప్పటికే దాని మీద ముద్ర పడింది.

ఆదివారం పొద్దున్నే జేసీబీలు వచ్చాయి. ఊరంతా వచ్చింది. మొదటి దెబ్బ కమిషనర్ గారి గదికి. ఆయన పక్కనే నిలబడి, "ఇంకా బలంగా! మొహమాటపడకు!" అని డ్రైవరును హుషారు చేస్తున్నారు. కొంరయ్య పక్క జిరాక్స్ షాపు నుంచి వైరు లాగి మోటరు ఆగకుండా చూశాడు. తొట్టి మీద టార్పాలిన్ కప్పి, దుమ్ము పడకుండా సుగుణ, అతనూ చెరో కొస పట్టుకున్నారు. స్లాబు కూలింది, గోడలు కూలాయి, చెరువుల పటాలు గాలికి లేచి ఊరి మీదుగా ఎగిరిపోయాయి. లెక్కల సెక్షనువాళ్లు ఒక్కో గోడకూ చప్పట్లు కొట్టారు. ఓ మూల రాళ్ల మీద నర్సింగం వల ఒళ్లో పెట్టుకుని, ఎప్పుడైపోతుందా అని చూస్తున్నాడు.

అయిపోయింది. టార్పాలిన్ తీశారు. నాలుగు దిక్కులా ఆకాశం, నడుమ తొట్టి, దాన్లో మొట్టమొదటిసారి ఎండ చూస్తున్న దొర. మార్తాండరావు గారు ఒళ్లంతా సున్నంతో, పెళ్లికొడుకులా మెరిసిపోతూ అరిచారు.

"సుగుణగారూ! బఫర్ జోన్‌లో ఇంకేమైనా కట్టడం మిగిలిందా?"

"ఏమీ లేదు సార్," అన్నాడు పురుషోత్తం.

"అయితే ఆక్రమణ తొలగినట్టే. నర్సింగం, నీ వేట నీది."

నర్సింగం లుంగీ ఎగ్గట్టి లేచాడు. సుగుణ దొర ముందుకెళ్లి గాజు మీద వేలు పెట్టింది. దొర వచ్చి ఆ వేలికి ఎదురుగా మూతి ఆనించింది. ఆమె వేలు పక్కకు జరిగింది. దొర కూడా జరిగింది. అలా జరుగుతూ జరుగుతూ గాజు చివరికొచ్చేసరికి, అవతల వేలాడుతున్న డబ్బా కనిపించింది. గలగలమని నీళ్లు పడుతున్న ఖలీల్ భాయ్ డబ్బా.

"ఒకటి మిగిలింది సార్!" అంది సుగుణ.

"ఏమిటది?"

"ఈ డబ్బా. చెరువు గాజు లోపల్నే అయిపోతది సార్. ఇది గాజు బయట ఉన్నది. బయటంటే బఫరే గదా?"

మార్తాండరావు గారు దగ్గరికొచ్చి ఒకసారి గాజునూ ఒకసారి డబ్బానూ చూశారు. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. "పూర్తి మట్టానికి ఆనుకుని! అంగుళం కూడా వదలకుండా! ఇంత తెగువా?" జేసీబీ డ్రైవరు ముందుకు రాబోతే చేత్తో ఆపి, "వద్దు. ఈ చివరి ఆక్రమణ నా చేతుల మీదుగానే పోవాలి," అని, డబ్బాను రెండు చేతులా పట్టుకుని సంచి ఎత్తినట్టు ఎత్తి తీసేశారు. నీళ్ల చప్పుడు ఆగిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు.

నర్సింగం వల విప్పాడు.

"ఆగన్నా," అంది సుగుణ. "వల వేసేటందుకు ఈడ చెరువు లేదు. పురుషోత్తం సార్, జెర ఆ సెక్షను చదువుండ్రి."

పురుషోత్తం గొంతు సవరించుకున్నాడు. "చెరువు అనగా, నీరు నిలువ ఉండునదై, పూర్తి మట్టము కలదై, మిగులు జలములు పొర్లుటకు మత్తడి..." అంతే. గొంతు అక్కడే ఆగిపోయింది. అందరూ కమిషనర్ గారి వైపు చూశారు. మత్తడి ఆయన చంకలో ఉంది. అందులో మిగిలిన నీళ్లు ఆయన ప్యాంటు మీదుగా కారి బూట్లలోకి పోతున్నాయి.

"అంటే..." అన్నారాయన.

"మత్తడి లేదు కాబట్టి చెరువు లేదు సార్. చెరువు లేదు కాబట్టి బఫర్ లేదు. బఫర్ లేదు కాబట్టి..." పురుషోత్తం ఆపేసి, చుట్టూ ఉన్న ఇటుకల కుప్పల వైపు చూశాడు.

"మళ్లీ తగిలిద్దాం!"

"బఫర్‌లో కొత్త కట్టడం నిషిద్ధం సార్."

"బఫర్ లేదన్నావు కదయ్యా!"

"తగిలించగానే వస్తుంది సార్."

మార్తాండరావు గారు డబ్బాను తొట్టి అంచుకు దగ్గరగా తెచ్చారు, వెనక్కి లాక్కున్నారు. మళ్లీ తెచ్చారు, మళ్లీ లాక్కున్నారు. చూసేవాళ్లకు ఆయన హారతి పడుతున్నారేమో అనిపించింది. ముసలమ్మ ఒకామె దండం కూడా పెట్టింది.

"నీ ఇజ్జత్‌కు ఏం గాలేదన్నా," అంది సుగుణ నర్సింగంతో. "నువ్వు ఉత్త చేతులతోని పోతలేవు. చెరువే పోయింది."

నర్సింగం కూలిన గోడల మీదుగా నాలుగు దిక్కులా చూశాడు. వల చుట్టి భుజాన వేసుకున్నాడు. "చెరువు పోయిందంటె సరే చెల్లె. చెరువులు పోవుడు మాకు కొత్తనా?" అన్నాడు. పోతూ పోతూ దొర వైపు చూసి మీసం తిప్పాడు. దొర చలించలేదు.

చెరువు కానిదేదైనా మళ్లీ సామానే. ఆఫీసు లేని సామానును సిబ్బంది ఇంటి వద్ద భద్రపరచవలెనని ఒక నిబంధన ఉంది. రాసిందెవరో వేరే చెప్పాలా? తొట్టి ట్రాలీ ఆటో ఎక్కింది. దొర బకెట్లో, బకెట్ సుగుణ ఒళ్లో. దారి పొడవునా ఆమె, "అయిపోయింది దొరా, అయిపోయింది. ఇంటికి పోతున్నం," అంటూనే ఉంది. కుదుపు వచ్చినప్పుడల్లా నీళ్లు చీర మీద చిందుతుంటే చిన్నపిల్లలా నవ్వింది.

కొన్నాళ్లు హాయిగా గడిచాయి. తొట్టి వరండాలో పెట్టుకుంది. పొర్లు డబ్బా లేదు గనక పొద్దునా సాయంత్రం మీది నీళ్లు చెంబుతో తోడి పోసి, కొత్త నీళ్లు నింపేది. మండలి మాత్రం ఇటుకల కుప్పల మీద షామియానా వేసుకుని నడుస్తోంది. సంవత్సరాంతం దగ్గరపడింది. లెక్కలో చెరువులు లేవు.

ఒక పొద్దున మార్తాండరావు గారు, పురుషోత్తం ఆమె వరండాలో ప్రత్యక్షమయ్యారు. కమిషనర్ గారి కళ్లు ఆశగా తొట్టి చుట్టూ తిరిగాయి.

"సుగుణగారూ, దీనికి ఏదైనా పొర్లు ఏర్పాటు..."

"లేదు సార్. చెంబుతోని నేనే తోడి పోస్త."

"పురుషోత్తం గారూ, మనిషిని మత్తడిగా పరిగణించవచ్చా?"

"సెక్షన్‌లో లేదు సార్."

మార్తాండరావు గారు నిట్టూర్చి మెట్లు దిగారు. సరిగ్గా అప్పుడే, సుగుణ పొద్దున వేసి మరిచిపోయిన మోటరు తన పని తాను పూర్తి చేసింది. పై నుంచి, ఇంటి మీది ట్యాంకు పైపులోంచి, ఇంత లావు ధార ఆయన బట్టతల మీద పడింది.

ఆయన పక్కకు తప్పుకోలేదు. తల మెల్లగా పైకెత్తి, ధార వెంట పైపునూ, పైపు వెంట ట్యాంకునూ చూశారు. పక్కింటి మీద ఇంకో ట్యాంకు. దాని పక్కన ఇంకోటి. వీధి చివరి దాకా, ఊరి చివరి దాకా, నల్లగా నిండుగా, ప్రతి కప్పు మీదా ఒకటి. ప్రతిదానికీ ఒక పైపు.

"పురుషోత్తం గారూ," అన్నారాయన ఆనందంగా. "పరిమాణంతో నిమిత్తం లేకుండా అన్నాం కదా?"

"అన్నాం సార్."

"కింద ఇళ్లన్నీ బఫర్‌లోకే వస్తాయి కదా?"

"ముప్పై అడుగుల లోపే సార్."

జేసీబీకి ఫోన్ కలపమని ఆయన అంటుండగానే, సుగుణ చెంబు కింద పడేసి, బట్టలారేసిన దండెం మీది పాత చీర లాక్కుని, కుచ్చిళ్లు ఎత్తిపట్టి, మెట్ల మీద పరుగు లంకించుకుంది. డాబా మీదికి చేరీ చేరగానే పైపులో ఆ చీర కుక్కుతూ, పక్క డాబా మీద వడియాలు పెడుతున్న వదినకు వినపడేలా, ఊరు ఊరంతటికీ వినపడేలా కేక పెట్టింది.

"వదినా! మోటరు బంద్ చెయ్యుండ్రి! నిండితే మన కొంపలు కూలుతయి!"